అక్కడి జీతానికి ఇక్కడ జవాబుదారు ఎవరు?

పని ఇప్పిస్తానని నమ్మించి, చేతిలో విజిట్ వీసా పెట్టి, లక్షలు గుంజి మనిషిని ఎడారికి పంపిన ఏజెంటుకు మన వలస చట్టం వేయగల జరిమానా గరిష్ఠంగా రెండు వేల రూపాయలు. మొదటిసారి దొరికితే జైలు రెండేళ్లు దాటదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం 24వ సెక్షన్‌లో ఆనాడు రాసిన అంకెలివి. నాలుగు దశాబ్దాలు గడిచాయి. టికెట్టు ధర మారింది, ఏజెంటు గుంజే మొత్తం మారింది, అప్పిచ్చేవాడు అడిగే తనఖా మారింది. ఆ రెండు వేలు మారలేదు. పైగా, ప్రభుత్వ అనుమతి లేకుండా పనికోసం దేశం దాటిన కార్మికుణ్ని కూడా అదే సెక్షన్‌లో, అదే శిక్ష కింద చేర్చారు. మోసపోయినవాణ్నీ మోసగించినవాణ్నీ ఒకే బోనులో నిలబెట్టిన చట్టం ఇది.

27వ సెక్షన్ ఇంకా ఘోరం. ఈ చట్టం కింద ఎవరి మీదనైనా ప్రాసిక్యూషన్ నడపాలంటే కేంద్ర ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి రావాలి. బాధితుడో, అతని తల్లిదండ్రులో, భార్యో, బిడ్డలో, తోబుట్టువులో స్వయంగా ఫిర్యాదు వేసుకుంటే ఆ అనుమతి అక్కర్లేదని ఒక మినహాయింపు ఇచ్చారు. జగిత్యాల దగ్గరి పల్లెలోనో రాయచోటిలోనో ఉన్న కూలి కుటుంబం వకీలును పెట్టుకుని మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు నడుపుకుంటుందని చట్టం రాసినవాళ్లు ఎలా అనుకున్నారో తెలియదు. ఆ కుటుంబం వెళ్లేది పోలీసు స్టేషన్‌కే. అక్కడ అది మామూలు చీటింగ్ కేసవుతుంది. పెద్దమనుషులు కూర్చుంటారు. గుంజిన సొమ్ములో సగమో పావలా వంతో చేతిలో పెట్టించి రాజీ చేస్తారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఏజెంటే ఇంకో మండలంలో పాస్‌పోర్టులు పోగుచేస్తుంటాడు. నమోదు లేకుండా మనుషుల్ని విదేశాలకు పంపుతున్నారంటూ కేంద్రం పార్లమెంటు ముందు పెట్టిన ఏజెంట్ల జాబితా మూడు వేల చుట్టూ ఉంది. రాష్ట్రాలవారీగా చూస్తే అందులో ఆంధ్రప్రదేశ్‌ది ముందు వరుస. పేర్లు తెలిసినవాళ్ల మీదే ఇంత నిదానం చూపిస్తుంటే, పేరు బయటికి రాని సబ్ ఏజెంట్లకు భయం ఎక్కడినుంచి వస్తుంది?

ఈ రెండు సెక్షన్ల వెనక ఒక ఆలోచన ఉంది. కార్మికుడు విమానం ఎక్కేదాకానే రాజ్యం పని, ఎక్కాక అతని బాగోగులు అతనివీ, అతని కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని)వీ అన్న ఆలోచన. 1922 నాటి వలస చట్టాన్ని తీసేసి తెచ్చిన కొత్త చట్టంలోనూ ఆ బుద్ధి పోలేదు. గల్ఫ్‌కు పోయినవాళ్ల బతుకుల్లో నేడు కనిపిస్తున్న దగా అంతా అక్కడినుంచే పుట్టుకొస్తోంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్, కామారెడ్డి, సిరిసిల్ల, కడప, అన్నమయ్య, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. ఈ ఊళ్ల నుంచి ఓటు అడగని పార్టీ లేదు. కేంద్రంలో ఏ జెండా ఎగిరినా ఈ చట్టం మాత్రం చెక్కు చెదరలేదు.

చట్టం కాగితం మీద ఎలా నడవాలో ముందు చూద్దాం. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి అని చెప్పే ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వాళ్లు పనికోసం 18 దేశాల్లో దేనికి వెళ్లాలన్నా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆరు గల్ఫ్ దేశాలూ ఆ 18లో ఉన్నాయి. నమోదైన ఏజెంటు 50 లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ కట్టాలి. కార్మికుడి నుంచి 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఒప్పంద పత్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ చేయించాలి. ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ జరిగితే కార్మికుడికి కొంత రక్షణ దొరుకుతుందన్న మాట నిజమే.

ఊళ్లో జరిగేది వేరు. హైదరాబాద్‌లోనో ముంబయిలోనో ఉన్న లైసెన్సు ఏజెంటుకూ పల్లెలోని కుర్రాడికీ మధ్య ఇద్దరు ముగ్గురు సబ్ ఏజెంట్లుంటారు. వాళ్లెవరికీ నమోదు లేదు, గ్యారంటీ లేదు, బోర్డు కట్టిన ఆఫీసు కూడా లేదు. చాలాసార్లు ఆ సబ్ ఏజెంటు బాధితుడికి బావో మామో అవుతాడు, లేదా పదేళ్లు దుబాయ్‌లో ఉండొచ్చిన పక్కింటివాడవుతాడు. డబ్బు నోట్ల రూపంలో చేతులు మారుతుంది, రసీదు ఉండదు. 'ఆజాద్ వీసా' అంటాడు, నచ్చిన చోట పని చేసుకోవచ్చంటాడు. గల్ఫ్ చట్టాల్లో అలాంటి వీసా లేదు. ఉన్నదల్లా ఒక యజమాని పేరు మీద తీసి బయట అమ్మేసిన వీసా. ఆ యజమాని దగ్గర కాక ఇంకోచోట పని చేసిన మరుక్షణం కార్మికుడు నేరస్థుడవుతాడు. కుటుంబం మాత్రం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఆ వీసాకే పోసింది. మొదటి ఏడాది కూలిలో పెద్ద భాగం ఆ వడ్డీకే పోతుంది.

విజిట్ వీసా దారి ఇంకా సులువు. పర్యాటకుడిగా వెళ్లేవాడికి ఎమిగ్రేషన్ అనుమతి అడగరు, బీమా అడగరు, ఒప్పందమూ అడగరు. అక్కడ దిగాక వర్క్ వీసాకు మార్పిస్తామంటారు. మార్చినవాళ్లు కొందరు, మార్చక వదిలేసినవాళ్లు మరెందరో. పదో తరగతి పాసైన కుర్రాడికైతే అసలు అనుమతితో పనే లేదు. అతను మోసేది అవే ఇటుకలు, పడుకునేది అదే లేబర్ క్యాంపు ఇనుప మంచం మీద. చేతిలో పదో తరగతి మెమో ఉన్నందుకు చట్టం అతణ్ని రక్షణ అక్కర్లేనివాడిగా లెక్కగట్టింది. బీమా అతనికి ఐచ్ఛికం. ప్రభుత్వం ఏటా చెప్పే ఎమిగ్రేషన్ క్లియరెన్సుల లెక్కలో అతని పేరు రాదు.

ఈ చట్టపు వలకున్న కంతలు గల్ఫ్‌ను దాటి కూడా మనుషుల్ని జార్చేశాయి. సెక్యూరిటీ హెల్పర్ ఉద్యోగమని రష్యా తీసుకెళ్లి యుద్ధంలోకి నెట్టితే హైదరాబాద్ యువకుడొకరు 2024లో ప్రాణం పోగొట్టుకున్నాడు. డేటా ఎంట్రీ పని అని చెప్పి కంబోడియా తరలించి, సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన ఏజెంట్లను అదే ఏడాది మే నెలలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. ఆ 18 దేశాల జాబితాలో రష్యా లేదు, కంబోడియా లేదు. దేశాల పేర్లు పట్టుకుని గీత గీస్తే దళారీ గీత అవతలికి జరుగుతాడు. అతని వృత్తే అది.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. 30 ఏళ్లు నిండని స్త్రీకి, ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటే, ఆ 18 దేశాల్లో పనికి అనుమతి ఇవ్వరు. నిండినవాళ్లయినా, నర్సులను మినహాయిస్తే, 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఆ పని చేయాలి. స్త్రీలను కాపాడే ఉద్దేశంతోనే ఈ నిషేధం పెట్టారని ఒప్పుకుందాం. ఫలితం ఏమైంది? రాజోలు, అమలాపురం, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్ల ప్రయాణం ఆగలేదు. భర్త తాగుడు, పిల్లల ఫీజులు, ఇంటి మీద అప్పు ఏ నిషేధంతోనూ ఆగవు కదా. సర్కారీ తలుపు ఇరుకైంది కాబట్టి ఏజెంటు తీసిన దొడ్డి తలుపులోంచి వెళ్లారు. దుబాయ్‌కో మస్కట్‌కో విజిట్ వీసా మీద వెళ్లి, అక్కడినుంచి ఇంకో దేశానికి చేతులు మారారు. అలా వెళ్లిన మనిషి పేరు మన రికార్డుల్లో ఎక్కడా ఉండదు. ఏ ఇంట్లో ఉందో రాయబార కార్యాలయానికి తెలియదు. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు దాచుకోకూడదని చెబుతోంది. ఆ చట్టం ఉందన్న సంగతి గోదావరి జిల్లాల తల్లికి తెలుగులో చెప్పే బాధ్యత మన ప్రభుత్వంలో ఎవరిదో చెప్పగలరా? ఉద్యోగం కోసం వెళ్తున్నట్టు ఒప్పుకోవడమే ఆమె చేసిన నేరమయ్యాక, ఆమెకు హక్కులు చెప్పే గదిలోకి ఆమె అడుగే పెట్టదు.

గల్ఫ్ దేశాల తప్పును తక్కువ చేసి చూపడం మా ఉద్దేశం కాదు. యజమానే వీసాకు పూచీదారుగా ఉండే కఫాలా పద్ధతిలో అకామా (నివాస అనుమతి) అతని చేతిలో ఉంటుంది. జీతం అడిగినవాడి మీద 'పారిపోయాడు' అని ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు, మనిషి ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేనివాడు, అయిపోతాడు. ఆసుపత్రికి పోలేడు, బ్యాంకుకు పోలేడు, రోడ్డు మీద పోలీసు కనిపిస్తే సందులోకి తిరగాలి. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించి, మరుసటి ఏడాది మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమల్లోకి తెచ్చింది. సౌదీ 2021 మార్చిలో కొన్ని సడలింపులు ఇచ్చింది గాని ఇంటిపనివాళ్లను, ఇళ్ల డ్రైవర్లను, తోటపనివాళ్లను, గొర్రెల కాపరులను అందులోంచి తప్పించింది. తెలుగు పల్లెల నుంచి వెళ్లి ఎడారిలో ఒంటెలూ గొర్రెలూ కాసేవాళ్లకు ఆ సంస్కరణ చేరనే లేదు. వలస కార్మికుల హక్కుల మీద 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంపై ఒక్క గల్ఫ్ దేశం కూడా సంతకం చేయలేదు. ఆ దేశాల్ని వేలెత్తి చూపే నైతిక బలం మనకు ఉండాలంటే ముందు మనం సంతకం చేసి ఉండాలి. భారతదేశమూ చేయలేదు.

క్షమాభిక్షల కథా చెప్పుకోవాలి. 2024లో కువైట్ మార్చి నుంచి జూన్ దాకా, యూఏఈ సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఆమ్నెస్టీ ఇచ్చాయి. జరిమానా లేకుండా ఔట్‌పాస్ (తాత్కాలిక ప్రయాణ పత్రం) మీద ఇంటికి పోవచ్చన్నారు. వేలమంది బతుకుజీవుడా అని వచ్చేశారు. వచ్చేటప్పుడు నెలల తరబడి రావలసిన జీతాలు, సర్వీసు డబ్బులు అక్కడే వదిలేసి వచ్చారు. 2020లో కరోనా కాలంలో వందే భారత్ మిషన్ విమానాల్లో తిరిగొచ్చినవాళ్లదీ అదే గతి. ఎవరికి ఎంత బాకీ ఉందో విమానాశ్రయంలో ఒక కాగితం మీద రాసుకోవడం ప్రభుత్వానికి చేతకాని పనా? రాసుకోలేదు. ఊరికి చేరినవాడు దుబాయ్ లేబర్ కోర్టులో కేసు నడపాలంటే పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, దానికి ఇక్కడా అక్కడా అటెస్టేషన్లు కావాలి, అరబ్బీలోకి తర్జుమా కావాలి, అక్కడ ఒక లాయరు కావాలి. మూడు నెలల కూలి కోసం ఆ ఖర్చు పెట్టలేక వదులుకుంటాడు. యజమాని కోరుకున్నదీ అదే.

2020వ సంవత్సరంలో కేంద్రం తీసుకున్న రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ ప్రభుత్వ వ్యవస్థ ఎవరి పక్షాన ఉందో చెప్పడానికి వాటికి మించిన సాక్ష్యం అక్కర్లేదు.

మొదటిది జనవరిది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద యూఏఈని పరస్పర అమలు దేశంగా నోటిఫై చేశారు. అంటే దుబాయ్, అబుధాబి, షార్జా కోర్టులు ఇచ్చిన డబ్బు డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులోనే, మన కోర్టు ఇచ్చిన డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. అంతకుముందు మళ్లీ కొత్తగా దావా వేయాల్సి వచ్చేది. దీంతో అక్కడి బ్యాంకులు, క్రెడిట్ కార్డు కంపెనీలు ఇక్కడి బాకీదారుల ఆస్తుల మీదికి రావడం తేలికైంది. రెండు దేశాల మధ్య వ్యాపారం పెరిగినప్పుడు కోర్టు తీర్పులకు విలువ ఉండాలన్న వాదనను తప్పనలేం. అప్పు తీసుకున్నవాడు తీర్చాల్సిందే. కానీ సముద్రం దాటి వచ్చి బాకీ వసూలు చేసుకునే హక్కును బ్యాంకుకు ఇచ్చిన ప్రభుత్వం, అదే సముద్రం దాటి కూలి వసూలు చేసుకునే దారిని కార్మికుడికి ఎందుకు వేయలేదు? అక్కడి యజమాని ఆస్తులు ఇక్కడ ఉండవు, నిజమే. అతని తరఫున మనిషిని ఎంచి, డబ్బు తీసుకుని, సంతకం పెట్టించి పంపిన ఏజెంటు ఇక్కడే ఉన్నాడు. అతని బ్యాంకు గ్యారంటీ ఇక్కడే ఉంది. చేయి చాస్తే అందే దూరంలో ఉన్నవాణ్ని చట్టం పట్టుకోదు.

రెండోది సెప్టెంబరుది. గల్ఫ్‌కు పోయే కార్మికులకు మన ప్రభుత్వమే నిర్ణయించే కనీస సిఫారసు వేతనాలను విదేశాంగ శాఖ సర్క్యులర్ల ద్వారా 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. బహ్రెయిన్, ఒమాన్, ఖతార్, యూఏఈలకు నెలకు 200 డాలర్లు సరిపోతాయంది. తక్కువ జీతానికి మనవాళ్లు దొరికితేనే ఉద్యోగాలు నిలుస్తాయని సమర్థించుకుంది. కరోనాతో జీతాలు ఎగ్గొట్టే యజమానులు వందల్లో ఉన్న రోజుల్లో, కంచే చేను మేసింది. తెలంగాణ గల్ఫ్ కార్మికుల తరఫున హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం పడింది. ప్రవాసీ సంఘాలు గోల పెట్టాయి. 2021 జూలైలో ఆ సర్క్యులర్లను ఉపసంహరించుకున్నారు. ఆ పది నెలల్లో తక్కువ జీతానికి ఒప్పందం రాసుకుని వెళ్లినవాళ్ల నష్టానికి ఏ అధికారీ జవాబు చెప్పలేదు.

ఈ దేశానికి గల్ఫ్ కూలీ పంపిన డబ్బు మాత్రం లెక్కకు వస్తుంది. 2023-24లో వచ్చిన ప్రవాస ధనంలో ఆరు గల్ఫ్ దేశాల వాటా 38 శాతం వరకు ఉందని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. రాష్ట్రాల్లో తెలంగాణ వాటా 8.1 శాతం, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడుల తర్వాతి స్థానం. విదేశీ మారకం గురించి ప్రసంగించే మంత్రులు ఈ అంకెల్ని గర్వంగా చదువుతారు. 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధిలో పోగయ్యే సొమ్ము కూడా విదేశాల్లోని మన కార్యాలయాల్లో పాస్‌పోర్టు, కాన్సులర్ సేవలకు వసూలు చేసే రుసుములోనిదే. కార్మికుడి కష్టకాలానికి ఖర్చు పెట్టే డబ్బు చాలావరకు ప్రవాసుల జేబులోంచే వచ్చింది. ఆ నిధిలోంచి ఒక్క లాయరు ఫీజు ఇప్పించుకోవడానికి మనిషి ఎన్ని ఉత్తరాలు రాయాలో రాసినవాళ్లకే తెలుసు.

జైళ్ల దగ్గరికి వద్దాం. 2025లో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం విచారణ ఖైదీలతో కలిపి పది వేలమందికి పైగా భారతీయులు విదేశీ జైళ్లలో ఉన్నారు. సౌదీలోనే రెండు వేలు దాటారు, యూఏఈలో కూడా అంతే. శిక్ష పడినవాళ్లు మిగతా కాలం సొంత దేశంలో అనుభవించేలా మార్చుకునే ఒప్పందాలు సౌదీతో 2010లో, యూఏఈతో 2011లో కుదిరాయి. వాటి కింద ఇల్లు చేరినవాళ్లు బహు కొద్దిమంది. రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన ఐదుగురు కూలీల ఉదంతం తెలుగువాళ్లందరికీ తెలుసు. దుబాయ్‌లో నేపాల్ వాచ్‌మన్ మరణించిన 2005 నాటి కేసులో శిక్షపడి 18 ఏళ్లు జైల్లో ఉండి 2024 ఫిబ్రవరిలో బయటపడ్డారు. పెళ్లాం బిడ్డల్ని వదిలి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి ఆ బిడ్డలు పెద్దవాళ్లయ్యారు. మృతుడి కుటుంబానికి నేపాల్ వెళ్లి పరిహారం ఇచ్చి క్షమాపణ పత్రం సంపాదించడం స్థానిక ఎమ్మెల్యే కె.తారకరామారావు చొరవతో జరిగింది. ఆయన చేసింది మంచి పని. కానీ ఖైదీ ఊరు ఒక పలుకుబడి గల నాయకుడి నియోజకవర్గంలో ఉండకపోతే అతని గతేమిటి? అరెస్టయిన రోజే కోర్టులో తెలుగు అర్థమయ్యే దుబాసీ, ప్రభుత్వ ఖర్చుతో లాయరు దొరకడం పౌరుడి హక్కుగా చట్టంలో ఉంటే బ్లడ్ మనీ కోసం నేపాల్ దాకా పోవలసిన రోజు ఎందరికో రాదు.

చావులోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ప్రపంచమంతా చూస్తున్నందున వాయుసేన విమానం వెళ్లి రెండు రోజుల్లో మృతదేహాలను తెచ్చింది. మంచానపడి ఒంటరిగా పోయిన కూలీ శవానికి ఆ వేగం లేదు. యజమాని సంతకం, పోలీసు కాగితం, మరణ ధ్రువపత్రం, ఎంబసీ అనుమతి వచ్చేదాకా మార్చురీలో వారాలు గడుస్తాయి. ఇక్కడ శంషాబాద్ నుంచి ఊరిదాకా ఉచిత అంబులెన్సు ఉంది, సంతోషం. ఆ పెట్టెతోపాటు వచ్చే కాగితంలో చాలాసార్లు ఒకటే ఉంటుంది: గుండె ఆగింది, సహజ మరణం. యాభై డిగ్రీల ఎండలో రాళ్లు మోసిన ముప్పై ఐదేళ్లవాడి గుండె ఎందుకు ఆగిందో ఎవరూ విచారించరు. సహజ మరణమని రాస్తే పది లక్షల బీమా రాదు, అది ప్రమాదాలకూ శాశ్వత వైకల్యానికే వర్తిస్తుంది. యజమాని పరిహారమూ రాదు. ఒక్క ముక్క రాతతో ఇద్దరూ తప్పుకుంటారు.

తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్ మృతుల కుటుంబాలకు ఐదు లక్షల సాయం ప్రకటించింది. 2023 డిసెంబరు 7 తర్వాత చనిపోయినవాళ్లకే అంది. ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి తెరిచింది. ఇంతకాలం ఏమీ చేయని పాలకులతో పోలిస్తే ఇది ముందడుగు. ఆ తేదీకి ఒక్క రోజు ముందు పోయినవాడి భార్య చేసిన పాపమేమిటో మాత్రం ఆ జీవోలో లేదు. సాయం బతికి ఉండగా అందాలి. కేరళ 1996లోనే నార్కా పేరిట ప్రత్యేక శాఖ పెట్టుకుంది, 2008లో ప్రవాసీ సంక్షేమ బోర్డుకు చట్టం చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో గల్ఫ్ బోర్డు ఇప్పటికీ ఎన్నికల మాటే.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఫిలిప్పీన్స్‌ను చూడండి. 1995 మార్చిలో ఫ్లోర్ కాంటెంప్లాసియన్ అనే ఇంటిపనిమనిషిని సింగపూర్‌లో ఉరి తీశారు. ఫిలిప్పీన్స్ అట్టుడికింది. మూడు నెలలు తిరక్కుండానే వలస కార్మికుల చట్టం వచ్చింది. ఆ చట్టంలో పదో సెక్షన్ అసలు కీలకం. విదేశీ యజమాని జీతం ఎగ్గొడితే, అతనితో సమానంగా ఫిలిప్పీన్స్‌లోని రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ కూడా ఆ బాకీకి బాధ్యురాలే. అక్కడి కార్మిక ట్రిబ్యునల్ 90 రోజుల్లో తీర్పు చెప్పాలి. ఏజెన్సీ కట్టిన బాండు ఆ బాకీకి జవాబు చెప్పాలి. ఏజెన్సీ కంపెనీ అయితే దాని డైరెక్టర్లు కూడా బాధ్యులే. ఆ దేశంలో మోసాలు ఆగిపోలేదు. కానీ తిరిగొచ్చిన కార్మికుడికి తన ఊరి కోర్టులో, తన భాషలో, కళ్లముందున్న ప్రతివాది మీద దావా వేసే దారి దొరికింది. యజమాని మంచివాడా చెడ్డవాడా అని ముందే విచారించుకోవడం ఏజెంటుకే లాభమైంది.

మన చట్టంలో ఆ వాక్యం లేదు. 2019లో ఒక ముసాయిదా బిల్లు వచ్చింది, 2021లో ఇంకొకటి వచ్చింది. 2021 నాటి ముసాయిదాలో నిబంధన తప్పిన కార్మికుడి పాస్‌పోర్టు రద్దు చేసే, అతనికే జరిమానా వేసే ఆలోచనలు కూడా చోటు చేసుకున్నాయి. రెండూ అటకెక్కాయి. 2025 అక్టోబరులో విదేశాంగ శాఖ 1983 చట్టం స్థానంలో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. సంక్షేమం అన్న మాట బిల్లు పేరులోనే ఉంది, నమోదు లేని ఏజెంట్ల జరిమానాలు లక్షల్లోకి పోయాయి, కేంద్ర స్థాయిలో ఒక మండలి వస్తుందన్నారు. అభిప్రాయాలు చెప్పడానికి ఇచ్చిన గడువు నవంబరు 7. బిల్లు భాష ఇంగ్లిషు, ఆ బిల్లుతో బతుకు ముడిపడినవాళ్లలో అధికులు ఆ భాష చదవలేరు. తెలుగులో తర్జుమా చేయించి జగిత్యాలలో, రాజంపేటలో, అమలాపురంలో ఒక్కొక్క బహిరంగ విచారణ పెట్టమని ఏ తెలుగు ముఖ్యమంత్రి కేంద్రానికి రాశారు?

జరిమానా అంకె పెంచడం ఒక్కటే చాలదు. జరిమానా ఖజానాకు పోతుంది. కార్మికుడి బాకీ అలాగే ఉంటుంది. కాబట్టి కొత్త చట్టంలో ఉండాల్సినవి స్పష్టంగా చెబుతున్నాం. విదేశీ యజమాని ఎగ్గొట్టిన జీతానికి, పంపిన ఏజెంటు పూర్తి బాధ్యుడని రాయాలి. సబ్ ఏజెంటును అతనితో పని చేయించుకున్న లైసెన్సుదారుడి మనిషిగానే లెక్కించాలి, నాకు సంబంధం లేదనే వీలు ఇవ్వకూడదు. ఆ బాకీల విచారణకు వలస ఎక్కువగా ఉన్న జిల్లాల్లోనే ట్రిబ్యునళ్లు పెట్టాలి, 90 రోజుల గడువు ఉండాలి. కేసుకు ఢిల్లీ అనుమతి అనే అడ్డును తీసేసి రాష్ట్ర పోలీసుకు పూర్తి అధికారం ఇవ్వాలి. పనికోసం దేశం దాటిన కార్మికుణ్ని నేరస్థుడిగా చూసే మాటను చట్టం నుంచి తొలగించాలి. పదో తరగతి మెమోతో సంబంధం లేకుండా, ఏ దేశం వెళ్లినా, విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవాళ్లతో సహా అందరికీ బీమా వర్తించాలి, సహజ మరణానికీ వర్తించాలి. స్త్రీల వయసు నిషేధం ఎత్తేసి, దాని స్థానంలో ప్రతి ఎంబసీలో వాళ్ల భాష వచ్చిన ఉద్యోగిని నియమించాలి. ఔట్‌పాస్ మీద తిరిగొచ్చే ప్రతి మనిషి బాకీ వివరం విమానాశ్రయంలోనే నమోదు చేసి, ఆ కేసును ప్రభుత్వమే నడపాలి.

ఏజెన్సీల సంఘాలు దీన్ని వ్యతిరేకిస్తాయి. ఇంత బాధ్యత మోపితే వ్యాపారం మూతపడుతుందని, ఉద్యోగాలు బంగ్లాదేశ్‌కూ నేపాల్‌కూ పోతాయని అంటాయి. మూడు దశాబ్దాలుగా ఈ బాధ్యత మోస్తూనే ఫిలిప్పీన్స్ ఏజెన్సీలు లక్షలమందిని పంపుతున్నాయి. కూలి ఎగ్గొడితే ఎవరూ అడగరన్న ధీమా మీదే నిలబడ్డ వ్యాపారం ఏదైనా ఉంటే అది మూతపడటమే మంచిది.

తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఈ బిల్లు సభ ముందుకు వచ్చినప్పుడు, పార్టీలు ఏవైనా, ఏజెంటు జీతం బాధ్యత నిబంధనను సవరణగా రాసి వాళ్ల పేర్లతో ఇవ్వాలి. ఓటింగు కోరాలి. ఎవరు దానికి అనుకూలంగా చేయెత్తారో, ఎవరు ఆ రోజు సభకే రాలేదో నియోజకవర్గం వారీగా మేం ఈ పేజీలో అచ్చు వేస్తాం.